కెమిస్ట్రీ ఎందుకంత కష్టం, ఎందుకంత చిన్నచూపు?

సంక్షిప్తంగా: కంటికి కనిపించే మార్పును, కనిపించని అణువులను, కాగితం మీది సంకేతాలను ఒకేసారి పట్టుకోవాలి కాబట్టి కెమిస్ట్రీ కష్టంగా తోస్తుంది. పరీక్షలు సంకేతాల దగ్గరే ఆగిపోవడంతో మిగతా రెండూ తరగతి గదిలోకి రావడం లేదు. గౌరవం తక్కువగా దక్కడానికి కారణం వేరు. కెమిస్ట్రీ చేసిన మేలు వైద్యం, వ్యవసాయం, ఇంజనీరింగ్ ఖాతాల్లో పడుతుంది. కీడు మాత్రం దాని సొంత ఖాతాలోనే ఉండిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు గడిపిన నల్లగొండ, ఫార్మా పరిశ్రమ వచ్చి చేరిన పాలమూరు ఈ రెండు విషయాలనూ దగ్గరగా చూపిస్తాయి.

పదో తరగతి ఫలితాలు రాగానే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తిలో కాలేజీల కరపత్రాలు ఇళ్లకు చేరతాయి. వాటి మీద కనిపించే దారులు ప్రధానంగా రెండు. ఎంపీసీ చదివితే ఇంజనీరు, బైపీసీ చదివితే డాక్టరు. కెమిస్ట్రీ ఆ రెండు గ్రూపుల్లోనూ ఉంటుంది. అయినా కెమిస్ట్రీ కోసమే ఇంటర్‌లో చేరిన విద్యార్థి అరుదుగా దొరుకుతాడు. ఫిజిక్స్ కూడా రెండింటిలోనూ ఉన్నా, దాన్ని జనం ఇంజనీరింగ్‌తో కలిపి చూస్తారు. బయాలజీకి డాక్టర్ చదువు ఉంది. లెక్కలకు సాఫ్ట్‌వేర్ ఉంది. కెమిస్ట్రీకి అలా వెంటనే గుర్తొచ్చే గమ్యం లేదు. గట్టెక్కాల్సిన సబ్జెక్టుగానే అది ఇంటికి పరిచయమవుతుంది.

దీన్ని పిల్లల బద్ధకం అనుకోవడమూ, సార్లు సరిగా చెప్పకపోవడం అనుకోవడమూ తేలిక. ఆ రెండూ అక్కడక్కడా నిజమే కావచ్చు. కానీ అసలు కారణాలు సబ్జెక్టు స్వభావంలోనూ, దాన్ని పాఠాలుగా కోసిన తీరులోనూ ఉన్నాయి.

ఒక్క ప్రశ్నలో మూడు లోకాలు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ అనే రసాయన విద్యా పరిశోధకుడు 1991లో ఒక వివరణ ఇచ్చాడు. కెమిస్ట్రీ మూడు స్థాయుల్లో నడుస్తుంది. ఒకటి, చూసి, తాకి, వాసన పట్టి తెలుసుకునేది. రెండు, పరమాణువులు, అణువులు, అయాన్ల లోకం. మూడు, ఫార్ములాలు, ఈక్వేషన్లు, లెక్కలు. తెలిసిన ఉపాధ్యాయుడు ఒకే వాక్యంలో ఈ మూడింటి మధ్యా తిరుగుతుంటాడు, తిరుగుతున్నట్టు తనకే తెలియదు. కొత్తగా నేర్చుకునేవాడి మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది కొద్ది విషయాలనే. మూడూ కలిసి మీద పడితే అతను చేతికి అందిన ఒకదాన్ని పట్టుకుంటాడు. సాధారణంగా అది ఈక్వేషన్ అవుతుంది, ఎందుకంటే నోట్సులో రాసుకోవడానికి వీలైనది అదొక్కటే.

సున్నపురాయినే చూద్దాం. మేళ్లచెరువు, మట్టంపల్లి, వాడపల్లి ప్రాంతాల్లో కృష్ణకు ఈవల సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఉండటానికి కారణం అక్కడి భూమిలోని సున్నపురాయే. దాన్ని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే రాయి తేలికపడుతుంది. మిగిలిన తెల్ల గడ్డ మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, వేడెక్కి, పిండి అవుతుంది. ఇది మొదటి లోకం. రాయిలోని కార్బొనేట్ అయాను విరిగి, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి, కాల్షియం ఆక్సైడ్ మిగలడం రెండో లోకం. 100 గ్రాముల శుద్ధమైన సున్నపురాయి నుంచి 56 గ్రాముల సున్నం వస్తుంది, 44 గ్రాములు వాయువుగా పోతాయి. ఇది మూడోది. ఒక టన్ను రాయి కాలితే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే బయటికొస్తుందన్నమాట. కొలిమిలో మండించిన బొగ్గు నుంచి వచ్చేది దీనికి అదనం. సిమెంటు పరిశ్రమ వాతావరణానికి ఎందుకంత భారమో ఈ చిన్న లెక్క చెబుతుంది. పిల్లలకు తరగతిలో దక్కేది మాత్రం ఎక్కువగా 100, 56, 44 అనే అంకెలే.

ఫిజిక్స్‌లో ఊహకు అందనివి లేవని కాదు. అయితే బస్సు సడన్‌గా బ్రేకు వేస్తే ముందుకు తూలడం, బిందె ఎత్తితే బరువు తెలియడం ఒంటికి అనుభవమే. సూత్రం ఆ అనుభవానికి పేరు పెడుతుంది. జీవశాస్త్రంలో నోరు తిరగని పేర్లు బోలెడున్నా ప్రతి పేరుకూ ఒక ఆకో, ఎముకో, బొమ్మో తోడుంటుంది. ఉల్లిపొర కణాలను బడిలోని మామూలు మైక్రోస్కోప్‌లోనే చూపించవచ్చు. అణువును చూపించే పరికరం ఏ బడిలోనూ ఉండదు. చూపించలేనిదాన్ని నమ్మించి, లెక్క కూడా వేయించాల్సిన పని కెమిస్ట్రీ సారుది.

పాఠాల వరస కూడా సాయపడదు. మెండెలీవ్ 1869లో మూలకాల పట్టిక వేసేనాటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. దాన్ని థామ్సన్ కనుక్కున్నది 1897లో. బోర్ పరమాణు నమూనా 1913లో వచ్చింది, ఆర్బిటాళ్లకు (పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువున్న చోట్లకు) ఆధారమైన ష్రోడింగర్ సమీకరణం 1926లో. అంటే మనుషులు ముందు పదార్థాలను కాల్చి, తూచి, కలిపి చూశారు. వాటిలో పోలికలు పసిగట్టారు. కారణం చివర్లో తెలిసింది. ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకం పరమాణు నిర్మాణంతో మొదలై ఆ చివరిదాన్ని ముందు పెడుతుంది. తర్కం ప్రకారం అది సబబే. కానీ ఏ ప్రశ్నకు సమాధానంగా ఆర్బిటాల్ పుట్టిందో తెలియకుండానే విద్యార్థి దాని ఆకారాలు గీస్తాడు.

మినహాయింపుల చిక్కు: ఫ్లోరిన్ ఉదాహరణ

"కెమిస్ట్రీలో రూల్ చెప్తారు, వెంటనే ఎక్సెప్షన్ చెప్తారు" అనేది విద్యార్థుల మామూలు ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది. న్యూటన్ సూత్రం రాయికీ బంతికీ ఒకేలా పనిచేస్తుంది. కెమిస్ట్రీలో ఒకే గ్రూపులోని రెండు మూలకాలు రెండు రకాలుగా నడుచుకుంటాయి. ఇంటర్ రెండో సంవత్సరంలో వచ్చే 17వ గ్రూపు (హాలోజన్లు), అందులోనూ మొదటి మూలకం ఫ్లోరిన్, దీనికి మంచి ఉదాహరణ.

ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం అన్ని మూలకాలకంటే ఫ్లోరిన్‌కే ఎక్కువ. అయినా విడి పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకుంటే విడుదలయ్యే శక్తి ఫ్లోరిన్ కంటే క్లోరిన్‌లో ఎక్కువ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో బలమైనది, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీనమైనది. హైడ్రోజన్ క్లోరైడ్ సున్నాకు దిగువన 85 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు దాదాపు 20 డిగ్రీలు కావాలి. కాల్షియం క్లోరైడ్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కాల్షియం ఫ్లోరైడ్ దాదాపు కరగదు. వెండి దగ్గర ఇదంతా తలకిందులు. సిల్వర్ క్లోరైడ్ కరగదు, సిల్వర్ ఫ్లోరైడ్ కరుగుతుంది.

ఇవి ఐదు విడివిడి బిట్లుగా కనిపిస్తాయి, అలాగే బట్టీ పడతారు. కానీ వీటిలో చాలావాటి వెనుక ఉన్నది ఒకటే సంగతి: ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది. చిన్న చోటులో అప్పటికే కిక్కిరిసిన ఎలక్ట్రాన్లు కొత్తదాన్ని నెడతాయి. అదే చిన్నతనం వల్ల హైడ్రోజన్‌తో దాని బంధం గట్టిది, త్వరగా తెగదు. అదే చిన్నతనం వల్ల కాల్షియం అయానుకు మరీ దగ్గరగా చేరి, నీళ్లు విడదీయలేని స్ఫటికంగా బిగుసుకుంటుంది. కారణం దొరికితే పట్టిక పొట్టిదవుతుంది. ఆ కారణం చెప్పడానికి ఒకటి రెండు పీరియడ్లు పడతాయి. సిలబస్ పరుగులో పోయేవి మొదట అవే.

ఆ బిట్ బోరునీళ్లలో ఎలా పనిచేస్తుంది

కాల్షియం ఫ్లోరైడ్ కరగదన్న ఆ ఒక్క వాక్యం నల్లగొండ జిల్లాలో పాఠ్యపుస్తకం దాటి చాలా దూరం వెళ్లింది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పళ్ల మీది గోధుమ చారలు, వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు ఒకప్పుడు ప్రతి ఊళ్లో కనిపించేవి. ఆ నీళ్లలోకి ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ నుంచో రాలేదు. అక్కడి గ్రానైట్, నైస్ రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాల్లోనే ఉంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. బోరు లోతుకు పోయేకొద్దీ అలాంటి పాత నీళ్లు దొరికే అవకాశం పెరుగుతుంది.

మరి ఒకే రకం రాతి మీదున్న రెండు ఊళ్లలో ఒకచోట ఫ్లోరైడ్ తక్కువ, మరోచోట ఎక్కువ ఎందుకుంటుంది? ఇక్కడే అయానిక సమతాస్థితి పాఠం పనికొస్తుంది. నీళ్లలో కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో గుణిస్తే వచ్చే విలువ ఒక హద్దు దాటదు. దాటితే రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లలో, లెక్క ప్రకారం, సుమారు 4 మిల్లీగ్రాముల వరకే ఫ్లోరైడ్ నిలవగలదు. కాల్షియం 10 మిల్లీగ్రాములకు పడిపోతే ఆ హద్దు దాదాపు 7.5కు పెరుగుతుంది. కాల్షియం నాలుగో వంతు అయితే ఫ్లోరైడ్‌కు చోటు రెట్టింపు. వానలు తక్కువై, ఆవిరి ఎక్కువై, బైకార్బొనేట్ పెరిగిన నేలల్లో కాల్షియం సున్నపు గడ్డలుగా మట్టిలోనే దిగబడిపోతుంది. నీళ్లు సబ్బుకు బాగా నురగొచ్చే మెత్తని నీళ్లవుతాయి, నోటికి బాగానే ఉంటాయి, ఫ్లోరైడ్‌ను మాత్రం ఎక్కువగా మోస్తాయి. రుచి చూసి మంచి నీళ్లని నమ్మిన తరాలు మోసపోయిన చోటు ఇదే.

ఒంట్లో జరిగేదీ ఆ రెండు అయాన్ల కథే. ఎముక, పన్ను గట్టిదనమంతా హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికానిది. ఫ్లోరైడ్ అయాను పరిమాణంలో హైడ్రాక్సైడ్‌కు చాలా దగ్గర, అందుకే దాని స్థానంలో సులువుగా కూర్చుంటుంది. కొద్దిగా కూర్చుంటే పన్ను పుచ్చుకు తట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా చేరితే ఎముక పెరుగుదలే దారి తప్పుతుంది. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనిచోట 1.5 వరకు అనుమతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5.

నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన శుద్ధి పద్ధతి ప్రపంచమంతటా "నల్గొండ టెక్నిక్" పేరుతోనే పుస్తకాలకెక్కింది. ఇంట్లో చేసుకునే పద్ధతికి కావాల్సింది అడుగుకు కాస్త పైన కుళాయి ఉన్న ఒక పెద్ద బకెట్. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, పటిక ద్రావణం పోసి, పది నిమిషాలు నెమ్మదిగా కలియబెట్టి, గంటసేపు కదపకుండా ఉంచాలి. పటికలోని అల్యూమినియం నీళ్లలో దూదిపింజల్లాంటి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకు దిగుతుంది. పటిక వల్ల నీళ్లు పులుపెక్కకుండా సున్నం చూసుకుంటుంది. బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది. పైన తేరిన నీళ్లను కుళాయి నుంచి పట్టుకోవాలి.

వినడానికి ఇంత తేలికైనది ఊళ్లలో ఎందుకు నిలవలేదు? పటిక మోతాదు బోరుకో రకంగా ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్నిబట్టి అది మారుతుంది. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ పోకపోవడమే కాదు, అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగున చేరిన బురదను ఎక్కడో పారబోయాలి, ఈ పనంతా రోజూ చేయాలి. ప్రతి ఊళ్లో నీళ్లను కొలిచి మోతాదు చెప్పే మనిషి ఉంటేనే సాగే పద్ధతి ఇది. పద్ధతి ఉంది, ఆ మనిషి లేడు. చివరికి జిల్లా మొగ్గు చూపింది దూరం నుంచి నదినీళ్లు తేవడానికే. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన వాటర్‌గ్రిడ్ మిషన్ భగీరథగా మారి ఊళ్లకు నదినీళ్లు చేర్చింది.

పరీక్ష ఏది అడిగితే అదే సబ్జెక్టు

పదో తరగతి వరకు కెమిస్ట్రీ విడి సబ్జెక్టు కాదు. ఫిజిక్స్‌తో కలిసి ఒకే పుస్తకం, ఒకే ఫిజికల్ సైన్స్ సారు. ఆ సారుకు రెండింటిలో ఏది ఇష్టమైతే అది ఎక్కువ పండుతుంది, రెండోది సర్దుకుంటుంది. ఇంటర్‌లో అడుగుపెట్టగానే ఫిజికల్, ఇనార్గానిక్, ఆర్గానిక్ అని మూడు ముక్కలుగా, మూడు రకాల ఆలోచనలతో ఎదురవుతుంది. మొదటిది లెక్క, రెండోది జ్ఞాపకం, మూడోది ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో పట్టుకునే ఊహ. ఒకే పేరు కింద ఇన్ని రకాల నైపుణ్యాలు అడగడం మిగతా సైన్సులకు ఇంతగా లేదు.

ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలకు గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నీట్‌లో 180కి బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. రెండుచోట్లా కెమిస్ట్రీ పావు వంతు. కోచింగ్‌లో దీని మీద వినిపించే సలహా ఒక్కటే: ముందు కెమిస్ట్రీ చేసెయ్యండి, గుర్తుంటే పెట్టేయడమే, మిగిలిన టైము లెక్కలకు పెట్టుకోండి. అందుకే కెమిస్ట్రీ ఒకేసారి "స్కోరింగ్ సబ్జెక్టు" గానూ, "అర్థం కాని సబ్జెక్టు" గానూ పేరు తెచ్చుకుంది. ఈ రెండు మాటలకూ పొంతన కుదరనట్టు అనిపిస్తుంది కానీ కుదురుతుంది. మార్కులు వచ్చేది జ్ఞాపకానికి, కష్టమనిపించేది అవగాహన. నర్రెన్‌బర్న్, పికరింగ్ అనే ఇద్దరు అమెరికన్ అధ్యాపకులు 1987లో ఇదే సంగతి చూపించారు. వాయు సూత్రాల లెక్కను చక్కగా చేసిన విద్యార్థుల్లో చాలామంది, అదే వాయువులోని అణువులు పాత్రలో ఎలా పరుచుకుని ఉంటాయో బొమ్మలో గుర్తుపట్టలేకపోయారు.

ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని తెలంగాణ 2023లో శాశ్వతంగా తీసేసింది. మార్కుల మీద విపరీతమైన ఒత్తిడి తగ్గించడానికి అందులో వాదన ఉంది. కానీ వివరించి రాసే జవాబుకు ర్యాంకులో విలువ లేకుండా పోయింది. బిట్టే మొత్తం అయింది.

ఇక ప్రాక్టికల్స్. ఇంటర్‌లో వాటికి 30 మార్కులు. సాల్ట్ అనాలసిస్‌లో ఇచ్చిన తెల్లటి పొడి ఏమిటో కనుక్కోవాలి. నైట్రేట్ ఉందేమో చూడాలంటే ఉప్పు ద్రావణంలో అప్పుడే చేసిన ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, పరీక్షనాళికను వాల్చి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంట చుక్కచుక్కగా జారవిడవాలి. ఆమ్లం బరువు కాబట్టి అడుగుకు పోతుంది. రెండు పొరలు కలిసేచోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. నాళిక కాస్త ఊపితే వలయం చెదిరిపోతుంది. పొర ఎందుకు ఏర్పడింది, వలయం అక్కడే ఎందుకు వచ్చింది, ఊపితే ఎందుకు పోయింది అన్న మూడు ప్రశ్నలతో జాన్‌స్టన్ చెప్పిన మూడు స్థాయులూ ఆ నాళికలోనే దొరుకుతాయి. ల్యాబు ఏడాది పొడుగునా నడిచే కాలేజీల్లో పిల్లలు ఈ అనుభవం పొందుతారు. పరీక్షకు ముందు కొద్దిరోజులే తాళం తీసేచోట రికార్డు నింపుకుని, వచ్చే ఉప్పు ఏదో ముందే తెలుసుకుని ఒడ్డెక్కుతారు. కెమిస్ట్రీని ఇష్టపడే అవకాశం ఎక్కువగా ఉన్న గది అదే. దాన్ని మూసి ఉంచడం వల్ల జరిగే నష్టం ఏ సిలబస్ సవరణతోనూ తీరేది కాదు.

మేలు ఎవరి ఖాతాలో పడుతుంది

కష్టమైన ప్రతి సబ్జెక్టుకూ గౌరవం తగ్గాలని లేదు. లెక్కలు కష్టమే, అయినా లెక్కలు వచ్చినవాణ్ని ఊరు మెచ్చుకుంటుంది. కెమిస్ట్రీ దగ్గర తేడా ఎక్కడుందంటే, దాని ఫలితం వేరే వస్తువులో కలిసిపోయి పేరు మార్చుకుంటుంది.

కృష్ణా నీళ్లు ఊరికొచ్చాయంటే పైపులు, మోటార్లు, వేసిన ప్రభుత్వం గుర్తొస్తాయి. శుద్ధి కేంద్రంలో ఆ నీళ్లను తేర్చిన పటిక, క్లోరిన్ గుర్తురావు. 2025 వానాకాలంలో యూరియా కోసం సహకార సంఘాల ముందు రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. చర్చంతా సరఫరా గురించి, రాజకీయం గురించి సాగింది. గాలిలోని నైట్రోజన్‌ను యూరియాకు మూలమైన అమోనియాగా మార్చే హేబర్-బాష్ పద్ధతి 1913లో జర్మనీలోని ఒప్పావులో పరిశ్రమ స్థాయికి చేరింది. ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి దాని మీద ఆధారపడి ఉందని అంచనా. చంద్రయాన్-3 జాబిల్లి మీద దిగిన 2023 ఆగస్టు 23న బడుల్లో పిల్లలు ఫిజిక్స్‌కు, ఇంజనీరింగ్‌కు చప్పట్లు కొట్టారు. దాన్ని నేల మీంచి లేపిన ఘన ఇంధనం హెచ్‌టీపీబీ అనే పాలిమర్‌తో చేసినది.

శాస్త్రవేత్తల విషయంలోనూ అంతే. యల్లాప్రగడ సుబ్బారావును తెలుగువాళ్లు వైద్యానికి మేలు చేసిన మనిషిగా తలుచుకుంటారు. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన పేరు ప్రయోగశాలలకు ఎక్కింది ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే రసాయన పద్ధతితో. వెంకట్రామన్ రామకృష్ణన్‌కు 2009లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో, గుర్తుండిపోయింది మాత్రం కణంలోని రైబోజోమ్. 2024 కెమిస్ట్రీ నోబెల్ ప్రోటీన్ల ఆకారాలను కంప్యూటర్‌తో అంచనా వేసినవాళ్లకు, కొత్తవాటిని రూపొందించినవాళ్లకు దక్కితే వార్తల్లో కృత్రిమ మేధ పేరే ముందు నిలిచింది.

కీడు జరిగినప్పుడు ఇలా పేరు మారదు. 1984 భోపాల్ విషవాయు దుర్ఘటన కెమిస్ట్రీ ఖాతాలోనే ఉంది. కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వల్ల పాలమూరు, నల్లగొండ ఊళ్లలో మనుషులు దెబ్బతిన్నప్పుడు వినిపించేది రసాయనాల పేరే. అల్ప్రాజోలంనే డాక్టరు చీటీ మీద రాస్తే అది వైద్యం. చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల వ్యర్థజలాలు బావుల్లోకి, చెరువుల్లోకి దిగుతున్నాయన్న ఫిర్యాదులు ఏళ్లుగా ఉన్నాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌కు (ప్రత్యేక ఆర్థిక మండలికి) భూములిచ్చిన రైతుల గోడు ఒక తరాన్ని కదిలించింది. ఈ జ్ఞాపకాలన్నీ న్యాయమైనవే. వాటిని జనాల అపోహలని కొట్టిపారేస్తే కెమిస్ట్రీకి గౌరవం రాదు, పోతుంది. వ్యర్థాలను శుద్ధి చేయడానికి కావాల్సిన కెమిస్ట్రీ తెలిసినదే. చేయకపోవడం ఖర్చు మిగుల్చుకోవడానికి, నిఘా లేకపోవడానికి సంబంధించిన విషయం.

పనిలోనూ ఈ తేడా కనిపిస్తుంది. దక్షిణ తెలంగాణలో ఇంటికి బస్సు దూరంలో సైన్సు ఉద్యోగాలిచ్చే పరిశ్రమ ఏదైనా ఉందంటే అది ఫార్మాయే. చౌటుప్పల్, చిట్యాల, కొత్తూరు, జడ్చర్లలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసినవాళ్లు ప్రొడక్షన్‌లో, క్యూసీలో (నాణ్యత పరీక్షల్లో), ఆర్ అండ్ డీలో పనిచేస్తున్నారు. నల్లగొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయాలు వచ్చాక ఆ చదువు హైదరాబాద్ వెళ్లకుండానే దొరుకుతోంది. కానీ షిఫ్టులు, సాల్వెంట్ వాసన, రియాక్టర్ దగ్గర ప్రమాద భయం, సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే చిన్న జీతంతో మొదలు. ఇంటి పెద్దలు పోల్చి చూసేది దీన్నే. పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీలో 2025 జూన్ 30 నాటి పేలుడు లాంటివి ఆ భయానికి ఆధారం ఇస్తాయి. ఫ్యాక్టరీల్లో భద్రత మెరుగుపడకుండా కెమిస్ట్రీ మీద ఇష్టం పెంచాలనుకోవడం జరిగే పని కాదు.

పుట్టపాకలో ఒక పాఠం

సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ అనే వస్త్రానికి 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద తేటలో రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. నల్లగొండ, పాలమూరు మెట్టచేలల్లో ఆముదం పండినన్నాళ్లు ఆ కాయల పొట్టుకు కరువు లేదు. బూడిదలోని క్షారం నూనెను విడగొట్టి నూలు పోగుల్లోకి ఇంకేలా చేస్తుంది. అలా సిద్ధమైన నూలు అలిజరిన్ రంగును విడవకుండా పట్టుకుంటుంది. పటిక తోడైతే ఎరుపు, ఇనుము తోడైతే నలుపు. అక్కడ పటికలోని అల్యూమినియం రంగుకూ నూలుకూ మధ్య వారధి. బకెట్‌లో ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపింది కూడా ఆ అల్యూమినియమే.

ఇంకో ముడి ఉంది. అలిజరిన్‌ను జిర్కోనియంతో కలిపితే ఎర్రటి ద్రావణం వస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ జిర్కోనియంను తనవైపు లాగేసుకుంటుంది, విడిపోయిన రంగు పసుపువైపు తిరుగుతుంది. ఎంత తిరిగిందో చూసి ఫ్లోరైడ్ ఎంతో అంచనా కట్టవచ్చు. నీళ్ల పరీక్ష కిట్లలో చాలాకాలంగా వాడుతున్న పద్ధతుల్లో ఇదొకటి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. మునుగోడు వైపు బడిలో పిల్లలు తమ ఇళ్ల నీళ్లు, పాత బోరు నీళ్లు, భగీరథ కుళాయి నీళ్లు తెచ్చి పక్కపక్కన నాళికల్లో చూస్తే, సంక్లిష్ట అయాన్ల పాఠం ఆ గంటలోనే మొదలవుతుంది. కుళాయి నీళ్లు రాని రోజున పాత బోరు నీళ్లు తాగవచ్చో లేదో కూడా తెలుస్తుంది. ఫ్లోరైడ్ రాతిలోంచి పోలేదు కాబట్టి ఆ ప్రశ్న ఇంకా పాతబడలేదు.

ఇలాంటిది బడుల్లోకి వస్తుందా అన్నది ప్రశ్నపత్రం మీద ఆధారపడుతుంది. ఇప్పుడు అడిగే ప్రశ్న: హాలోజన్లలో ఎలక్ట్రాన్ చేర్చుకున్నప్పుడు ఎక్కువ శక్తి విడుదల చేసేది ఏది? నాలుగు ఆప్షన్లు, ఒక గుండ్రం. అదే గ్రూపు మీద ఇలా కూడా అడగవచ్చు: రెండు బోర్ల నీళ్లలో ఒకదానిలో కాల్షియం 40, మరోదానిలో 10 మిల్లీగ్రాములు ఉంది, ఫ్లోరైడ్ ఎక్కువగా నిలవగలిగేది దేనిలో, ఎందుకు? రెండోదానికి ఓఎంఆర్ షీటు చాలదు, నాలుగు వాక్యాలు రాయాలి, ఎవరో చదివి దిద్దాలి. లక్షలాది మంది రాసే ఎంట్రన్స్‌కు అది కుదిరే పని కాదు. ఇంటర్ బోర్డు థియరీ పేపర్‌కు, దాన్ని దిద్దే లెక్చరర్లకు కుదురుతుంది. ఏడాదికి అలాంటివి రెండు మూడు ప్రశ్నలు ఖాయమని తెలిస్తే ల్యాబు తాళం పరీక్షలకు ముందు దాకా ఆగదు.